నీళ్లు నిలవనివ్వకు తల్లీ

కారంపూడి,
సెప్టెంబరు 28

చిరంజీవి మనవరాలికి,

నువ్వు పంపిన ఫొటోలు మీ మామయ్య ఫోన్లో పెద్దవి చేసి చూపించాడు. మస్కీగన్‌లో మీ ఇంటి వెనక ట్రైలర్ మీద పడవని చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను. కాటలినా 22 కొన్నావంటే బాగా ఆలోచించే కొన్నావు. 1970 ప్రాంతంలో మొదలైన రకం అది, పదిహేను వేలకు పైగా తయారయ్యాయి. ఎంత పాతదైనా విడిభాగాలు దొరుకుతాయి, పని తెలిసినవాళ్లూ దొరుకుతారు. ఇక నువ్వడిగిన మాట. చలికాలమంతా ఆరుబయటే ఉంచాలి, పైన బరకం కప్పి తాళ్లు బిగిస్తే చాలదా అన్నావు. చాలదమ్మా. సరిగ్గా కప్పకపోతే ఆ బరకమే పడవని పాడుచేస్తుంది.

సైన్యంలో, సికింద్రాబాద్ ఈఎమ్ఈ విభాగంలో ఉన్నప్పుడు హుస్సేన్ సాగర్ ఒడ్డున మా సెయిలింగ్ పడవల బాగోగులు చూసే పని నాది. అక్కడ పడవకి ఎండే శత్రువు. తెరచాప గుడ్డని, తాళ్లని, ఫైబర్ మీది నునుపుని ఎండ తినేస్తుంది. గడ్డకట్టే చలి ఏం చేస్తుందో మాత్రం లద్దాఖ్ పోస్టింగులో తెలిసింది. యాంటీఫ్రీజ్ పొయ్యకుండా రాత్రంతా వదిలేసిన ఒక లారీ ఇంజన్ బ్లాకు తెల్లారేసరికి పగిలిపోయి ఉండటం కళ్లారా చూశాను. అందుకే ముందుగా చెబుతున్నాను. చలి పడవనేమీ చెయ్యదు. ఫైబర్‌కీ, అల్యూమినియం మాస్టుకీ మైనస్ ఇరవై అయినా లెక్క కాదు. నాశనం చేసేది నిలిచిపోయిన నీళ్లు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. దానికి చోటు లేకపోతే ఇనుమైనా సరే పగలాల్సిందే. ఉన్న నీళ్లు బయటికి పోవాలి, లోపల గాలి ఆడాలి. నువ్వు చేసే ప్రతి పనీ ఈ రెండింటి కోసమే.

డెక్కుతో మొదలుపెట్టు. చూడ్డానికి ఒకే పలకలా ఉంటుంది గానీ, పాత పడవల్లో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. రెయిలింగ్ కాళ్లు, తాడు కట్టే క్లీట్లు, మాస్టుని నిలబెట్టే తీగల పట్టీలు, వీటి బోల్టులన్నీ ఆ చెక్కలోంచే దిగుతాయి. బోల్టు చుట్టూ ఉన్న సీలెంట్ ఎండి విడిపోతే వాన నీరు చుక్కచుక్కగా చెక్కలోకి చేరుతుంది. అది గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి పొరల్ని విడదీస్తుంది. పైకేమీ కనిపించదు. స్క్రూడ్రైవర్ వెనక పిడితో డెక్కంతా జానెడు జానెడు తట్టుకుంటూ వెళ్లు. టకటకమని గట్టిగా మోగితే చెక్క బాగున్నట్టు. మొద్దుగా దబ్బుమంటే అక్కడ తడి చేరినట్టు. ఆ చోట సుద్దతో గుర్తుపెట్టి, ఎండ బాగా కాసే రోజు చూసుకుని దగ్గర్లో ఉన్న బోల్టు ఊడదీసి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త సీలెంట్ పెట్టి బిగించు. డెక్కు మెత్తబడి కాలి కింద దిగుతుంటే అది పెద్ద పని, వసంతంలో చూద్దాం. కొత్త నీరు దిగకుండా చూడటమే ఈ ఏటికి చాలు.

వెనక బిగించే ఆ చిన్న ఇంజన్ సంగతి. తీసి గరాజ్‌లో పెట్టే ముందు మంచినీళ్ల తొట్టిలో కాసేపు నడుపు. ఆపాక నిటారుగానే నిలబెట్టు, లోపలి నీరంతా కిందికి కారిపోతుంది. పడుకోబెడితే ఎక్కడో ఒక మూల మిగిలిపోతుంది. తర్వాత కింది గేర్ డబ్బాలోంచి ఆయిల్ దించు. ఈ ఒక్కటీ మాత్రం వాయిదా వెయ్యకు. దిగిన ఆయిల్ పాలరంగు తిరిగి ఉంటే, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరి సీలు పోయి నీళ్లు లోపలికి వెళ్లాయన్నమాట. ఆ నీళ్లు గడ్డకడితే డబ్బా పగులుతుంది. మీ దగ్గర పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలుపుతారు, అది నెలల తరబడి నిలవుంటే తేమ పీల్చి విడిపోతుంది. అందుకే తొట్టిలో నడిపేటప్పుడే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్‌లోకి చేరేదాకా నడిపి ఆపు.

బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకుని పూర్తిగా చార్జి చేసి ఉంచు. నిండా చార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ యాభైని కూడా తట్టుకుంటుంది. ఖాళీ అయినది మైనస్ పదికి ముందే గడ్డకడుతుంది. సింకు, మంచినీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, మోటార్‌హోమ్‌లలో వాడే గులాబీరంగు యాంటీఫ్రీజ్ కొద్దిగా పంపు చెయ్యి. కారులో పోసేది పొయ్యకు, అది విషం, తాగేనీళ్ల గొట్టాల్లోకి అసలు రాకూడదు.

మాస్టు ఎలాగూ దించావు కాబట్టి, తీగల్ని చూడటానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. మొన్న మీ అమ్మ ద్వారా ఒక పొట్లం పత్తి పంపాను, నవ్వుకున్నావట. మన చేలో పత్తే అది. చిటికెడు దూదితో ఉక్కుతీగని చుట్టి పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరికి మెల్లగా లాగు. తీగలో ఒక్క పోగు తెగినా దానికి దూది పీచు చిక్కుకుంటుంది. ఒట్టి చేత్తో తడిమితే అదే పోగు వేలు కోసేస్తుంది. తీగ ఫిట్టింగులోకి దూరేచోట ఇంకా జాగ్రత్తగా చూడు. లోపలికి దిగిన నీరు బయటికి రాలేని చోటు అది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే, తెగేదీ అక్కడే. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే.

తెరచాపల్ని మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక మెత్తగా చుట్టి ఇంట్లో పెట్టుకో. పడవలో వదిలేస్తే ఎలుకలు గూడు కట్టుకుంటాయి. పరుపులు, లైఫ్‌జాకెట్లు, మ్యాపులు, తిండి సామాను, అగ్గిపెట్టెతో సహా అన్నీ దించెయ్యి.

ఇప్పుడు బరకం. నీ చిన్నప్పుడు ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మన కల్లంలో మిరపకాయల మీది బరకం పొద్దున్నే ఎత్తితే, లోపలివైపు నీటిబొట్లు చూసి వానొచ్చిందా తాతయ్యా అని అడిగావు. వాన రాలేదు, కాయల చెమ్మే పైకి లేచి బరకానికి తగిలి మళ్లీ కాయల మీదే పడింది. అలా రెండు మూడు రోజులు ఎత్తకుండా వదిలేస్తే కాయ బూజుపట్టి తాలు కింద పోతుంది. నీ పడవలోనూ అదే జరుగుతుంది. బరకం ఫైబర్‌కి అంటుకోకూడదు. దించిన మాస్టుని ముందూ వెనకా మధ్యలో దన్నులు పెట్టి వెన్నుదూలంలా పడవ పొడవునా పడుకోబెట్టు. దాని మీంచి బరకం రెండువైపులా బాగా ఏటవాలుగా జారాలి. రెండు కొసలూ గాలి ఆడేలా తెరిచి ఉంచు. క్యాబిన్ తలుపు పలక తీసి దోమతెర బిగించు, లోపలి అరల మూతలన్నీ తెరిచిపెట్టు. తాళ్లు పడవ కిందుగా ఈవైపు నుంచి ఆవైపుకి కట్టు. ఎప్పుడైనా మరీనా యార్డులో ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టాల్సొస్తే, బరకం తాడుని ఆ స్టాండ్లకి కట్టొద్దు. గాలికి బరకం కొట్టుకుంటే స్టాండు కదిలి పడవ పక్కకి పడిపోతుంది. మనుషుల ప్రాణాల మీదికొచ్చే పని అది.

మీ ఊరు మిచిగన్ సరస్సుకి తూర్పు ఒడ్డున ఉంది. పడమటి చలిగాలి వెచ్చటి నీళ్ల మీదుగా వస్తూ తేమ పీల్చుకుని మీ నెత్తిన మంచుగా దించుతుంది. తడిమంచు ఘనపు మీటరు సుమారు 200 కిలోలు తూగుతుంది. నీ బరకం పదిహేను చదరపు మీటర్లనుకో, 20 సెంటీమీటర్లు పడితే ఆరు క్వింటాళ్లు. ఏటవాలు బాగుంటే చాలావరకు జారిపోతుంది. మిగిలినది పెద్ద మంచు కురిసిన ప్రతిసారీ మెత్తటి చీపురుతో నేల మీద నిలబడే దులుపు. పార వాడకు. పైకెక్కకు.

ట్రైలర్ ముందుభాగం కాస్త ఎత్తి పెడితే కాక్‌పిట్లో పడ్డ నీళ్లు వెనక్కి పారిపోతాయి. నీళ్లు పోయే రంధ్రాల్లో రాలిన ఆకులు అడ్డుపడకుండా చూడు. అడుగున వేలాడే కీల్ పలక బరువు దాన్ని లాగే తీగ మీద కాకుండా ట్రైలర్ దూలం మీద ఆనాలి. చక్రాల బేరింగులు పడవ దించినప్పుడల్లా నీళ్లలో మునిగాయి కదా, కొత్త గ్రీజు పట్టించు.

మీ అమ్మ భయపడుతోంది. ఆడపిల్లకి ఈ మాస్టులు, ఇంజన్లు ఎందుకు, అమ్మెయ్యమని చెప్పు నాన్నా అంటోంది. నేను చెప్పను. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన తారిణి పడవని నడిపింది ఆరుగురు ఆడపిల్లలే. వాళ్లలో ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్, స్వాతిది విశాఖ. దారిలో ఆగిన రేవుల్లో పడవ మరమ్మతులు దగ్గరుండి చేసుకున్నారు. ఆ సంగతే మీ అమ్మకి చెప్పాను.

పని ఎప్పుడు చెయ్యాలంటే, ఇప్పుడే. మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగితే సూర్యలంక, నిజాంపట్నం వాళ్లు పడవలూ వలలూ బాగుచేసుకునేది అప్పుడే. నీకు అంత తీరిక లేదు, అక్టోబరులోనే మీ దగ్గర తెల్లవారుజామున సున్నాకి దిగుతుంది. ఇక్కడ కార్తీక అమావాస్యకి పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలయ్యేదాకా ఆగకు, చలి ముదిరేలోపే నీ పడవలో ఒక్క చుక్క నీరు కూడా మిగలకూడదు.

డెక్కు అయ్యాక ఇంజనూ ట్యాంకూ కానివ్వు, బరకం చివర్న. ఈ శనివారం డెక్కు తట్టే పని పెట్టుకో. మీకు పొద్దున పదింటికి మాకు రాత్రి ఏడున్నర. వీడియో కాల్ చేసి, ఫోను డెక్కు మీదే పెట్టి తట్టు, ఎక్కడ చెక్క తడిసిందో నేను విని చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య