పెరట్లో ఎన్ని కోళ్ళు?

పదవీ విరమణ చేసి సొంతూరు చేరాక నేను కోళ్ళు పెంచుతున్నానని తెలిసి పాత సహోద్యోగులు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఊళ్ళో పది సెంట్ల స్థలం ఖాళీగా ఉంది, గుడ్ల కోసం ఓ వంద కోళ్ళు వదిలేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు అని అడుగుతారు. దాదాపు అందరి నోటా ఆ వందే వస్తుంది. లెక్కకు సుళువుగా ఉంటుందని కాబోలు. ఒకప్పుడు నేనూ ఆ అంకెనే రాశాను. రాసి, ఒక ఇల్లాలిని ఇబ్బందుల్లోకి దింపాను. అందుకే ఎవరడిగినా అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

విజయనగరం జిల్లాలో ఒక గ్రామీణ శాఖలో ఫీల్డ్ ఆఫీసరుగా ఉన్న రోజులవి. భర్త పోయిన ఒక డ్వాక్రా సభ్యురాలు కోళ్ళకు రుణం అడిగింది. ఇంటి వెనక ఎనిమిది సెంట్ల దొడ్డి, అందులో నాలుగు మామిడి చెట్లు, ఒక చింత. వంద గ్రామప్రియ పిల్లలకూ రాత్రి గూటికీ కలిపి రూ. 40,000కు ప్రతిపాదన తయారుచేశాను. అందులో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది: 'కోళ్ళు బయట తిరిగి మేసుకుంటాయి కనుక రోజుకు కోడికి 30 గ్రాముల దాణా సరిపోతుంది.' పైవాళ్ళెవరూ దాన్ని ప్రశ్నించలేదు. నేనూ ప్రశ్నించుకోలేదు.

గ్రామప్రియ మంచి రకమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. వనరాజా కూడా ఆ సంస్థదే. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. నాటు కోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, బయట తిరిగే గ్రామప్రియ సుమారు 160 నుంచి 180 దాకా పెడుతుంది. ఆ లెక్క చూసే నేను మురిసిపోయాను. మూడు రెట్లు గుడ్లు పెట్టే కోడికి ఆకలి కూడా నాటు కోడి ఆకలిలా ఉండదన్న మాట అప్పుడు తట్టలేదు.

ఎనిమిదో నెలలో తనిఖీకి వెళ్ళాను. దొడ్డిలో గడ్డిపోచ లేదు. నేలంతా గీకి గీకి, మామిడి వేళ్ళు బయటపడ్డాయి. కోళ్ళు తిరుగుతున్నాయి గానీ వాటి ముక్కుకు తగిలేది మట్టే. వంద కోళ్ళకు రోజూ పాతిక గుడ్లు కూడా లేవు. మేత కొట్టులో అప్పు పెరిగింది. రెండు వాయిదాలు సంఘంలోని తతిమ్మా ఆడవాళ్ళు తమ పొదుపులోంచి కట్టి, ఆవిడతో మాట్లాడటం మానేశారు. ఆవిడ నన్ను తిట్టలేదు. "బాబూ, తిరుగుతాయని కాయితంలో రాసినారు. తిరుగుతున్నాయి. తిరిగితే కడుపు నిండిపోద్దేటి బాబూ?" అంది.

ఆ రాత్రి బసకు వచ్చి చేసిన లెక్క ఇది. గుడ్లు పెట్టే కోడికి రోజుకు సుమారు 110 గ్రాముల పొడి మేత కావాలి. నేను 30 గ్రాములు ఇమ్మన్నాను. మిగతా 80 గ్రాములు నేల ఇవ్వాలి. వంద కోళ్ళకు అది రోజుకు ఎనిమిది కిలోలు. పురుగులు, చెదలు, రాలిన గింజలు, లేత ఆకు అన్నీ కలిపి ప్రతిరోజూ ఎనిమిది కిలోల పొడి మేత ఎనిమిది సెంట్ల నేల ఎక్కడ ఇస్తుంది? అదే ఇరవై కోళ్ళయితే కిలో ఆరు వందల గ్రాములు. ఇంట్లో రెండు పశువులుండి, పేడకుప్ప ఉండి, వంటింటి వృథా, నూకలు, తవుడు తోడైతే దాదాపు సరిపెట్టుకోవచ్చు.

ఇక్కడ పచ్చి మేత చేసే మోసం ఒకటుంది. గడ్డి, తోటకూర, అజొల్లా బుట్టెడు వేస్తే చాలా పెట్టామనిపిస్తుంది. కానీ అందులో చాలా భాగం నీళ్ళే. కిలో అజొల్లా ఎండితే వంద గ్రాములు కూడా మిగలదు. పచ్చిమేత వేయండి, సొన మంచి రంగు వస్తుంది, విటమిన్లు అందుతాయి. కానీ దాన్ని గింజ స్థానంలో లెక్కగట్టకండి.

యూరప్ దేశాల్లో బయట తిరిగే కోళ్ళ గుడ్లని అమ్మాలంటే కోడికి కనీసం 4 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలని నిబంధన. ఆ లెక్కన మన సెంటుకు పది కోళ్ళు పడతాయి. ఇది చదివి మా మేనల్లుడు ఎగిరి గంతేశాడు. అది కోడి మసలడానికి కావలసిన జాగా లెక్క. అక్కడ వాటికి పూర్తి దాణా పెడతారు. దాణా కొని పెట్టేవాళ్ళకు ఆ లెక్క, నేల మీద ఆధారపడేవాళ్ళకు వేరే లెక్క.

ఆ వేరే లెక్కను నాకు నేర్పింది ఆ ఇల్లాలే. సాయంత్రం కోళ్ళు గూటికి చేరాక రెండు మూడింటిని పట్టుకుని మెడ కింద, రొమ్ము పైన చేత్తో తడిమి చూసేది. కోడి తిన్నది ముందు అక్కడున్న సంచిలో చేరుతుంది. బంతిలా గట్టిగా ఉంటే ఆ రోజు బయట మేత దొరికినట్టు. చేతికి వదులుగా, ఖాళీగా తగిలితే దొరకనట్టు. నాలుగు రోజులు వరుసగా ఖాళీగా ఉంటే నేల మోయగలిగిన దానికన్నా కోళ్ళు ఎక్కువున్నాయన్న మాట. అప్పుడు చేయదగ్గవి రెండే: దాణా పెంచాలి, లేదా కోళ్ళను తగ్గించాలి. ఆవిడ సంక్రాంతికి ముందు సంతలో డెబ్భై కోళ్ళు అమ్మేసింది. మేత కొట్టు అప్పు తీరింది. ముప్ఫై మిగిలాయి.

ఆ తరువాత దొడ్డిని పాత నైలాన్ వలతో మూడు భాగాలు చేశాం. రెండు వారాలు ఒక భాగంలో వదిలితే, మిగతా రెండూ కోలుకుంటాయి. గడ్డి లేస్తుంది, పురుగు చేరుతుంది. రెట్టల్లోంచి నేలకు దిగిన పొట్టపురుగుల గుడ్లు మళ్ళీ కోడి కడుపులోకి చేరడం కూడా కొంత తగ్గుతుంది. అయినా రెండు మూడు నెలలకోసారి నట్టల మందు తప్పదు. ఖాళీ భాగంలో కుండలో పేడ, ఎండుగడ్డి, తడి గోనె ముక్క కుక్కి నేలమీద బోర్లిస్తే, చెదలున్న చోట మర్నాటికి కోళ్ళకు విందే.

దాణా ఎప్పుడు పెట్టాలన్నదీ ముఖ్యమే. పొద్దున్నే కడుపునిండా పెడితే కోడి ఇంటి చుట్టూ కూర్చుంటుంది. సాయంత్రం పెడితే పగలంతా వెతుక్కుని, చీకటి పడేలోగా తనంతట తానే గూటికి వస్తుంది. గుల్లపిండి కూడా సాయంత్రమే ఇవ్వాలి. గుడ్డుకు పెంకు కట్టేది ఎక్కువగా రాత్రివేళ. ఒక్కో పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. మేతలో చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. పెంకు పలచబడిందంటే కోడి అప్పటికే తన నిల్వలు తోడేస్తోందని అర్థం. మన భాషలో చెప్పాలంటే ఓవర్‌డ్రాఫ్ట్.

గుడ్లు ఎక్కువగా పొద్దుటిపూటే పెడతాయి కాబట్టి తొమ్మిది దాకా గూడు తలుపు తీయకండి. తొందరగా వదిలితే పొదల్లో పెడతాయి, అవి పాముకో ముంగిసకో దక్కుతాయి. అయిదు కోళ్ళకు ఒక గుడ్ల పెట్టె, లోపల ఊక, మొదట్లో అలవాటు కావడానికి గుడ్డు ఆకారంలో ఒక తెల్ల రాయి చాలు.

పిల్లల పెంపకం గురించి పెద్దగా చెప్పను, ఆ విషయం మీద కరపత్రాలు చాలానే ఉన్నాయి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం, తరువాత వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గింపు. పిల్లలు బల్బు కింద ఒకదానిమీద ఒకటి పడుతుంటే చలి, గోడలకు అంటుకుంటే వేడి. అయిదారు వారాలు నిండకుండా బయట వదిలితే కాకికీ గద్దకూ వేసినట్టే. మొదటి గుడ్డు అయిదున్నర, ఆరు నెలలకు గానీ రాదు. రుణాలు చూసే తమ్ముళ్ళకు ఒక మాట: గుడ్డు ఆరో నెలలో వస్తుంటే వాయిదా మూడో నెలలో పెట్టకండి.

టీకాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పెరటి కోళ్ళను ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. మెడ మెలితిరిగి, ఆకుపచ్చ విరేచనాలై, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. దానికి మందు లేదు, ముందుజాగ్రత్తే ఉంది. మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, నాలుగో వారంలో మళ్ళీ, ఎనిమిదో వారంలో ఆర్‌టుబి సూది. చిక్కేమిటంటే టీకా సీసాలో సాధారణంగా వంద మోతాదులుంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పన్నెండు కోళ్ళున్న మనిషి సీసా కొని మిగతాది పారబోయడానికి మనసొప్పక, అసలే కొనడు. నేను మా వీధిలో ఏడిళ్ళను కలిపాను. ఫ్లాస్కులో మంచుతో సీసా తెస్తాం, తెల్లవారుజామున గూళ్ళు తెరవకముందే ఏడిళ్ళకూ తిరుగుతాం. డబ్బు ఇవ్వనన్న ఎనిమిదో ఇంటి కోళ్ళకు కూడా వేస్తాం. తెగులుకు కంచె తెలియదు కదా. కోళ్ళు గుంపుగా చచ్చిపోతుంటే మాత్రం కోసుకు తినడం, అమ్ముకోవడం మాని, పశువైద్యశాలకు వెంటనే చెప్పండి.

ఆడవాళ్ళు తరచూ అడిగేవి రెండు. పుంజు లేకుండా గుడ్డు పెడుతుందా? పెడుతుంది. పిల్లలు కావాలంటేనే పుంజు. పుంజు లేని గుడ్డు ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది కూడా. గోధుమరంగు గుడ్డుకు బలం ఎక్కువా? పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, బలంతో దానికి సంబంధం లేదు.

ఆ ఇల్లాలి రుణం అనుకున్నదానికన్నా ఏడాది ఆలస్యంగా తీరింది. ఆఖరి వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు సంఘంవాళ్ళు ఇద్దరు పక్కనే ఉన్నారు, మాటలు కలిశాయన్న మాట. "ఈసారెవరికైనా రాస్తే, ముందు దొడ్డి చూసి రాయండి బాబూ" అని, నా బల్ల మీద ఆరు గుడ్లు పెట్టి వెళ్ళింది.

ఇప్పుడు నాకు పన్నెండు సెంట్ల మామిడి తోటలో ఇరవై రెండు పెట్టలున్నాయి. నిన్న సాయంత్రం మూడింటిని పట్టి చూస్తే రెండింటి సంచి సగమే ఉంది. ఎండలు ముదిరాయి, నేల గట్టిపడింది. ఇవాళ్టి నుంచి మా ఆవిడ నూకలు ఇంకో రెండు దోసిళ్ళు ఎక్కువ వేస్తోంది. వానలు పడేదాకా ఇంతే.