పగడానికి ఎంత వెలుగు కావాలి?

ప్రవాళ భిత్తికలు పోటీ పరీక్షలకు పాత చుట్టాలే. సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2014లోనూ, 2018లోనూ వీటిపై ప్రశ్నలొచ్చాయి. 2019 మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌లో భూతాపం పగడాల జీవవ్యవస్థపై చూపే ప్రభావాన్ని అంచనా వేయమన్నారు. చాలామంది అభ్యర్థులు ‘నీరు వెచ్చగా ఉండాలి, తేటగా ఉండాలి, లోతు తక్కువగా ఉండాలి’ అని బట్టీ పట్టి వదిలేస్తారు. ఈ మూడు షరతుల్లో చివరి రెండూ వెలుగు గురించినవే. ఆ సంగతి సముద్రంలో కంటే ఇంట్లో పెట్టుకునే రెండడుగుల రీఫ్ ట్యాంకులోనే, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలోనే, తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ సూర్యుడు మన చేతిలో ఉంటాడు, పొరపాటు చేస్తే ఫలితం వారం తిరక్కుండానే కనబడుతుంది.

వెలుగు ఎవరికోసం?

పగడం జంతువు. నిడేరియా వర్గం, ఆంథోజోవా విభాగం. పాలిప్ అనే చిన్న జీవి తన కింద కాల్షియం కార్బొనేట్‌ను అరగొనైట్ రూపంలో పేర్చుకుంటూ పోతుంది. వెలుగు అవసరం నేరుగా పాలిప్‌ది కాదు, దాని కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలది. ఇవి డైనోఫ్లాజెల్లేట్లు. కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారు చేసిన చక్కెరలు, గ్లిసరాల్ వంటి వాటిలో ఎక్కువ భాగాన్ని ఇవి పగడానికి ఇచ్చేస్తాయి. తేటనీటి పగడాల శక్తి అవసరంలో 90 శాతం దాకా ఇలాగే తీరుతుంది. బదులుగా పగడం వాటికి గూడు, కార్బన్ డయాక్సైడ్, నత్రజని వ్యర్థాలు ఇస్తుంది.

అస్థిపంజరం పెరుగుదల కూడా వెలుగుతో ముడిపడిందే. చీకట్లో కంటే వెలుగులో సున్నం పేరుకునే వేగం సగటున మూడు రెట్లు ఉంటుంది. అందుకే ట్యాంకులో లైటు పెంచిన వారానికి నీటిలో కాల్షియం, ఆల్కలినిటీ వేగంగా పడిపోవడం మొదలవుతుంది. లైటు మార్చి, ఈ రెండిటినీ కొలవకుండా కూర్చునే వారికి తర్వాత కనిపించే సమస్య లైటుది కాదు, నీటిది.

అన్ని పగడాలకూ వెలుగు అక్కర్లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ట్యూబాస్ట్రియా అనే నారింజ రంగు పగడంలో శైవలాలు ఉండవు, దానికి చేతితో మేత వేయాల్సిందే. నవరత్నాల్లో ఒకటిగా ఉంగరంలో పెట్టుకునే మధ్యధరా ఎర్ర పగడం కూడా మసక గుహల్లో, లోతుల్లో బతికేదే. అది భిత్తికలు కట్టదు.

లక్స్ కాదు, పార్

లక్స్ మన కంటికి కనిపించే ప్రకాశాన్ని కొలుస్తుంది. మన కన్ను ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల దగ్గరున్న పచ్చ రంగుకు. శైవలాలకు కావలసింది వేరు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతిని ‘పార్’ అంటారు. చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌ల ఫోటాన్లు పడుతున్నాయో ఇందులో లెక్క. నడినెత్తి సూర్యుడు నీటి ఉపరితలం మీద సుమారు 2000 ఇస్తాడు. ట్యాంకులో ఇంత ఎవరూ పెట్టరు, అవసరమూ లేదు.

మష్రూమ్ కోరల్స్, లెదర్ కోరల్స్ వంటి మెత్తని రకాలకు 50 నుంచి 150 చాలు. హ్యామర్, టార్చ్ వంటి పెద్ద పాలిప్‌ల రాతి పగడాలు, హాబీ భాషలో ఎల్‌పీఎస్, 75 నుంచి 150 వరకు హాయిగా ఉంటాయి. అక్రోపోరా, మాంటిపోరా వంటి చిన్న పాలిప్‌ల ఎస్‌పీఎస్ రకాలకు 200 నుంచి 350 కావాలి. ఇవి శాసనాలేమీ కావు. పగడం ఏ లోతు నుంచి, ఎవరి ట్యాంకు నుంచి వచ్చిందన్నది ఈ అంకెల కంటే ముఖ్యం.

ఇక్కడే ఒక చిన్న లెక్క. 200 పార్ చొప్పున 10 గంటలు వెలిగిస్తే రోజుకు చదరపు మీటరుకు 7.2 మోల్‌ల ఫోటాన్లు పడతాయి. 400 చొప్పున 5 గంటలు వెలిగించినా అంతే. కాగితం మీద సమానం, పగడానికి కాదు. ఒక స్థాయి దాటాక కిరణజన్య సంయోగక్రియ ఇక పెరగదు. చాలా పగడాల్లో ఆ సంతృప్త స్థాయి 200, 400 మధ్య ఎక్కడో ఉంటుంది. అంతకు మించి పడే ఫోటాన్లు వాడకంలోకి రావు, నష్టం చేస్తాయి. కాబట్టి తీవ్రత పెంచి గంటలు తగ్గించడం కంటే మధ్యస్థ తీవ్రతతో ఉదయం, సాయంత్రం మెల్లగా పెరిగి తగ్గేలా మొత్తం 10 నుంచి 12 గంటల షెడ్యూలు మంచిది. ఉష్ణమండలంలో పగటి నిడివి ఏడాదంతా దాదాపు 12 గంటలే కదా.

నీలం ఎందుకు?

నీరు మొదట మింగేది ఎరుపును. పది మీటర్ల లోపే అందులో ఎక్కువ భాగం పోతుంది. తేట సముద్రంలో అన్నిటికంటే లోతుకు దిగేది నీలం. పగడాలు లక్షల ఏళ్లుగా బతికింది ఆ నీలంలోనే. జూజాంథెల్లేలో క్లోరోఫిల్-ఎ, క్లోరోఫిల్-సి2, పెరిడినిన్ అనే వర్ణకం ఉంటాయి. మొక్కల్లో ఉండే క్లోరోఫిల్-బి ఉండదు, ప్రశ్నలో ఇదొక మంచి ఉచ్చు. ఈ మూడూ ఎక్కువగా పీల్చుకునేది 420 నుంచి 550 నానోమీటర్ల మధ్య. అందుకే రీఫ్ లైట్లలో 450 దగ్గర రాయల్ బ్లూ ఎల్‌ఈడీలదే పెత్తనం.

నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. పగడాలు నీలి వెలుగులో పచ్చగా, నారింజగా మెరవడానికి కారణం జీఎఫ్‌పీ (గ్రీన్ ఫ్లోరసెంట్ ప్రొటీన్) తరహా ప్రొటీన్లు. జెల్లీఫిష్‌లో దొరికిన జీఎఫ్‌పీకి 2008 రసాయనశాస్త్ర నోబెల్. రెండు బహుమతులూ ఒకే గాజు తొట్టిలో కలుస్తాయన్నమాట. అయితే ఆ మెరుపును ఆరోగ్యంగా పొరబడకూడదు. పూర్తి నీలి లైటు కింద పాలిపోతున్న పగడం కూడా అందంగానే కనిపిస్తుంది. కొనేటప్పుడు తెల్ల లైటు వేసి చూపించమని అడగడం నయం.

పెంచడం, తగ్గించడం

ఈ పాఠం మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. పగడానికి హాని చేసేది ఎక్కువ వెలుగు కన్నా తొందరపాటు మార్పు. పగడం తన కణాల్లో శైవలాల సంఖ్యను, ఒక్కో శైవలంలో వర్ణకాల మోతాదును, తన రక్షక ప్రొటీన్లను వెలుగుకు తగ్గట్టు సర్దుకుంటుంది. మసకలో శైవలాలు, వర్ణకాలు పెరిగి గోధుమరంగుకు తిరుగుతుంది. వెలుగు పెరిగితే వాటిని తగ్గించుకుని లేతబడుతుంది. ఈ సర్దుబాటుకు రోజులు కాదు, వారాలు పడుతుంది. ఆ గడువు ఇవ్వకపోతే నీడన పెంచిన మొక్కను ఒక్కసారిగా మే నెల ఎండలో పెట్టినట్టే.

ఒక అక్రోపోరా ఫ్రాగ్‌ను తీసుకుందాం. చిటికెన వేలంత కొమ్మ, సిమెంటు బిళ్లకు అతికించి ఉంటుంది. పాత చోట దానికి 120 పార్ అందేదనుకుందాం, కొత్త ట్యాంకులో చివరికి 250 ఇవ్వాలి. మొదట ఇసుక మీద, 100 నుంచి 120 పడే చోట పెట్టాలి. వారానికి 5 నుంచి 10 శాతం చొప్పున తీవ్రత పెంచాలి, లేదా లైటు అలాగే ఉంచి ఫ్రాగ్‌ను మెట్టు మెట్టుగా రాయి పైకి జరపాలి. రెండూ ఒకేసారి చేయకూడదు, చేస్తే ఏది వికటించిందో తెలియదు. పాలిప్‌లు ముడుచుకున్నా, కొమ్మ పైభాగం పాలిపోయినా ఒక మెట్టు దిగి పది రోజులు ఆగాలి. ఇంకా పెంచితే అలవాటవుతుందిలే అనుకోవడం సాధారణంగా జరిగే తప్పు.

కొన్ని మార్పులు లైటు ముట్టుకోకుండానే జరిగిపోతాయి. పసుపుబారిన నీటిలో కొత్తగా యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే నీరు ఒక్కరోజులో తేటపడి పగడాల మీద పడే వెలుగు అమాంతం పెరుగుతుంది. ఉప్పు పేరుకున్న పైగాజు తుడిచినా అంతే. ఫ్లోరసెంట్ టీ5 గొట్టాలు వాడేవారు ఏడాదికోసారి మారుస్తారు. పాత గొట్టం మసకబారింది కాబట్టి కొత్తది పెట్టిన రోజే గంటలు తగ్గించుకోవాలి. మెటల్ హాలైడ్ దీపాల నుంచి ఎల్‌ఈడీకి మారినప్పుడు కంటికి మసకగా అనిపిస్తుంది, కానీ నీలం ఎక్కువ కాబట్టి పార్ మీటరు వేరే కథ చెప్పొచ్చు. పాత రకం సెన్సార్లు కొన్ని నీలి ఎల్‌ఈడీ కాంతిని తక్కువగా చూపుతాయి, దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

వెలుగు తక్కువైనా పగడం చెబుతుంది. కొమ్మలు సాగుతాయి, మెత్తని పగడాలు కాడ చాపి పైకి ఎగబాకుతాయి, రంగు మట్టిబారుతుంది. వెలుగు ఎక్కువైతే తెలుపు పైనుంచి మొదలవుతుంది, నీడలో ఉన్న అడుగుభాగం రంగుతో మిగులుతుంది. తెలుపు మొదలు నుంచి పైకి, కండ ఊడుతూ వస్తే మాత్రం అనుమానించాల్సింది నీటి రసాయనాన్ని, లైటును కాదు.

వేడి, వెలుగు కలిసినప్పుడు

బ్లీచింగ్ అంటే వేడి ఒక్కటే అని చాలా గైడ్లు రాస్తాయి. సగమే నిజం. వేడెక్కిన నీటిలో శైవలాల కిరణజన్య యంత్రాంగం, ముఖ్యంగా ఫొటోసిస్టమ్-2, దెబ్బతింటుంది. వెలుగు మాత్రం పడుతూనే ఉంటుంది. వాడుకోలేని శక్తి చురుకైన ఆక్సిజన్ అణువులుగా మారి కణాలను కాలుస్తుంది, చివరికి పగడం శైవలాలను వెళ్లగొడుతుంది. తెల్లగా కనిపించేది పారదర్శకమైన కండ వెనకున్న సున్నం. ఆ దశలో పగడం ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. అందుకే మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్ పాడై ట్యాంకు 30 డిగ్రీలు దాటితే అనుభవజ్ఞులు మొదట చేసే పని లైటు తగ్గించడం.

సముద్రంలోనూ ఇదే సూత్రం. 1998 ఎల్‌నినోలో తాహితీ చుట్టుపక్కల సొసైటీ దీవుల పగడాలు బ్లీచింగ్ నుంచి చాలావరకు తప్పించుకోవడానికి ఆ సమయంలో కమ్మిన మేఘాలే కారణమై ఉంటాయని పరిశోధకులు తేల్చారు. ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద సముద్రపు నీటి తుంపరలతో మేఘాలను మరింత తెల్లగా చేసే ప్రయోగాలు 2020లో మొదలయ్యాయి.

నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్‌ను అమెరికా సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ ఏడాదే లక్షద్వీప్‌లో తీవ్ర బ్లీచింగ్ కనిపించింది. ఏ ప్రాంతంలోనైనా నీటి ఉష్ణోగ్రత ఏడాదిలో అత్యంత వెచ్చని నెల సగటు కంటే ఒక డిగ్రీ పెరిగితే ఒత్తిడి మొదలవుతుంది. 12 వారాల్లో పోగైన వేడిని ‘డిగ్రీ హీటింగ్ వీక్స్’లో లెక్కిస్తారు. 4 దాటితే చెప్పుకోదగ్గ బ్లీచింగ్, 8 దాటితే మరణాలు. మన దేశంలో ఉపగ్రహ సమాచారంతో బ్లీచింగ్ హెచ్చరికలు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, 2011 నుంచి.

చంద్రుడూ కావాలి

గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఏటా పౌర్ణమి తర్వాతి కొన్ని రాత్రుల్లో పగడాలు సామూహికంగా గుడ్లు, శుక్రకణాలు వదులుతాయని 1980ల తొలినాళ్లలో గుర్తించారు. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 2012లో మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ కోరల్’ దీన్ని గాజు తొట్టిలో సాధించింది. ఉష్ణోగ్రత, సూర్యోదయ వేళలు, చంద్రుడి వెలుగు, అన్నిటినీ కంప్యూటర్‌తో అనుకరించారు. వారి సహకారంతో ఫ్లోరిడా అక్వేరియం 2019లో అట్లాంటిక్ పిల్లర్ కోరల్‌తో ప్రయోగశాలలో గుడ్లు పెట్టించింది. ఇంటి ట్యాంకులో రాత్రంతా వెలిగే నీలి బల్బు మాత్రం చంద్రుడు కాదు. పౌర్ణమి వెలుగు పార్ మీటరుకు అందనంత సన్నం. అలంకారం కోసమైతే సరే, కానీ చీకటి కూడా పగడానికి అవసరమే.

చట్టం, పటం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రీఫ్ కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. అంతర్జాతీయ వాణిజ్యంలో ఇవి సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. ట్యాంకు పెట్టాలనుకునేవారు పగడం ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు అడగాలి.

పటంలో అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ గుర్తించాలి. ఆంధ్ర తీరం పొడవునా పెద్ద భిత్తికలు ఎందుకు లేవు? గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు వెలుగును అడ్డుకుంటుంది, మంచినీరు లవణీయతను తగ్గిస్తుంది. సుందర్బన్స్‌దీ అదే కథ. 2014 ప్రిలిమ్స్ ప్రశ్నలో తప్పు జవాబుగా ఇచ్చిన పేరు అదే. కచ్‌లో నీరు మడ్డిగా ఉన్నా పగడాలున్నాయి కదా అంటారా? ఉన్నాయి. అయితే అక్కడ గుండ్రాళ్లలా పెరిగే, మసకను ఓర్చుకునే పోరైటిస్, ఫేవియా వంటివాటిదే పైచేయి.

ఒక నమూనా ప్రశ్న

కింది వ్యాఖ్యల్లో సరైనవి ఏవి? 1. పగడాలన్నిటికీ సూర్యకాంతి తప్పనిసరి. 2. జూజాంథెల్లేలో క్లోరోఫిల్-బి ఉంటుంది. 3. నీరు వేడెక్కినప్పుడు వెలుగు తగ్గితే బ్లీచింగ్ తీవ్రత తగ్గవచ్చు.

జవాబు: 3 మాత్రమే. ఇక 2019 మెయిన్స్ ప్రశ్న మళ్లీ వస్తే, సమాధానం ఉష్ణోగ్రతతో మొదలుపెట్టి రెండో వాక్యంలోనే ఫొటోసిస్టమ్-2ను, వెలుగును తీసుకురండి. ఉదాహరణగా లక్షద్వీప్ 2024తో పాటు సొసైటీ దీవుల మేఘాలనూ రాయండి.