జీతం ఆగినప్పుడు వాడవలసిన మాటలు

రోలాలో గది తీసుకుని ఉండే తెలుగు కార్మికులు ఈ క్రింది అరబ్బీ మాటలు తప్పక నేర్చుకోవాలి.

ఇద్రాబ్ అంటే సమ్మె, హిందీలో హడతాల్. మన ఊళ్ళో యూనియన్ నోటీసు ఇచ్చి సమ్మె చేస్తుంది. ఇక్కడ యూనియన్లు లేవు, చట్టం సమ్మెను ఒప్పుకోదు. 2007లో దుబాయి జబల్ అలీలో పని ఆపి రోడ్డెక్కిన కార్మికులను పోలీసులు పట్టుకున్నారు. దేశం నుంచి పంపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి "అందరం రోలా స్క్వేర్ దగ్గర కూడుదాం" అని మెసేజ్ కూడా పెట్టకండి.

షక్వా అంటే ఫిర్యాదు. ఇది మీ హక్కు. 80084కు ఫోన్ చేస్తే కార్మిక మంత్రిత్వ శాఖ 14 రోజుల్లో రాజీ కుదర్చటానికి చూస్తుంది. 50,000 దిర్హముల లోపు తగవైతే 2024 నుంచి ఆ శాఖే తీర్పు ఇవ్వగలదు.

గియాబ్ అంటే గైర్హాజరు. షక్వా పెట్టాం కదా అని గదిలో కూర్చోకండి. కారణం లేకుండా వరుసగా 7 రోజులు మించి మానేస్తే కంపెనీ నోటీసు ఇవ్వకుండానే తీసేయవచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసిన మాట తనాజుల్, అంటే వదులుకోవటం. "సంతకం పెట్టు, రేపు డబ్బిస్తాం" అని తెచ్చే అరబ్బీ కాగితం చాలాసార్లు ఇదే. సంతకం పెడితే మీ ఫిర్యాదు మీరే వెనక్కి తీసుకున్నట్లు. ముఖాలసా అనే కాగితం కూడా అటువంటిదే, లెక్క మొత్తం ముట్టిందని అర్థం. ఎవరిచేతనైనా చదివించుకోండి. డబ్బు బ్యాంకులో పడిన తరువాతే సంతకం.

రాతిబ్ అంటే జీతం. ఫోన్‌లో హిందీలో ఇలా చెప్పండి: "హమ్ కామ్ బంద్ నహీ కియా. దో మహీనా సే రాతిబ్ నహీ మిలా. షక్వా కర్నా హై."