ఆచార్యుడగుటకు ముందు

ఉపాధ్యాయవృత్తికి సిద్ధమగు యువతీయువకులు బోధనాపద్ధతులతోబాటు విద్యకుగల తాత్త్విక, సామాజిక, మనోవైజ్ఞానిక పునాదులనుగూర్చియు చదువుదురు. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నియమములతో బి.ఎడ్. శిక్షణాకాలము రెండేండ్లకు పెరిగినది. అందు 20 వారములు పాఠశాలలలో గడుపవలెనని నిర్ణయించిరి. విషయము తెలిసినంతమాత్రమున బోధింపజాలరనుటయే ఈ ఏర్పాటునకు మూలము. మన పెద్దలకు ఈ మాట క్రొత్తది కాదు. భగవద్రామానుజులనుగూర్చి గురుపరంపరా గ్రంథములు చెప్పు వృత్తాంతములలో పెక్కు, ఆయన బోధించిన సంగతులు కావు; బోధించుటకు ముందు నేర్చిన సంగతులు.

శ్రీపెరుంబూదూరున 1017లో అవతరించిన రామానుజులు కాంచీపురమున యాదవప్రకాశులవద్ద వేదాంతము చదివిరి. ఒకనాడు ఛాందోగ్యోపనిషత్తున పరమాత్మ నేత్రములను వర్ణించు పదమునకు గురువు కోతి పృష్ఠభాగముతో పోలిక చెప్పెను. ఆ సమయమున గురువునకు తైలమర్దనము చేయుచున్న శిష్యుని కంటనుండి వేడి కన్నీటిబొట్టు గురువుగారి తొడపై పడెను. కారణమడుగగా రామానుజులు, సూర్యకిరణములకు విచ్చిన తామర అను అర్థము ఆ పదమునకే పొసగునని వినయముతో విన్నవించిరి. గురువునకు ఆగ్రహము కలిగెను. తుదకు ఆ చదువు అక్కడ సాగలేదు. యాదవప్రకాశులు పండితులు కారా? మహాపండితులే. శిష్యుని ప్రశ్నను సహించు శక్తి మాత్రము ఆనాటికి వారికి అలవడలేదు. పిమ్మట అదే శిష్యుని ఆశ్రయించి, గోవింద జీయరను పేర సన్యసించి, యతిధర్మ సముచ్చయమును రచించిరనుట వేరొక విశేషము.

శ్రీరంగమునకు వచ్చిన రామానుజులకు చదువు మరల మొదలైనది. యామునాచార్యుల శిష్యులైన ఐదుగురు ఆయనకు ఆచార్యులైరి. ఏ ఒక్కరును సమస్తమును తామే చెప్పుదుమనలేదు. మంత్రార్థములకు గోష్ఠీపూర్ణులు, తిరువాయ్మొళికి మాలాధరులు, రామాయణమునకు శ్రీశైలపూర్ణులు, మహాపూర్ణులు, వరరంగులు తక్కినవానికి. వరరంగులవద్ద ఉపదేశము పొందుటకై ఆరు మాసములు స్వయముగా పాలు కాచి యిచ్చి, పసుపు నూరి సేవించిరట!

గోష్ఠీపూర్ణుల ఊరు తిరుక్కోష్టియూరు, ఇప్పటి తమిళనాడు శివగంగ జిల్లాలోనిది. అచ్చటికి శ్రీరంగమునుండి 18 పర్యాయములు పోవలసివచ్చెను. వెళ్లిన ప్రతిసారియు మరల రమ్మనుటయే సమాధానము. గోపురమెక్కి ఆ మంత్రార్థమును అందరకును చాటిన కథ ఎరుగనివారుండరు. దానికి ముందున్న ప్రయాణములను తలచువారు తక్కువ. ప్రతిపర్యాయమును వట్టిచేతులతో తిరిగివచ్చినవాడు గనుకనే, వాకిట నిలిచినవారిని త్రిప్పిపంపుట ఎంత కఠినమో ఆయన ఎరిగియుండును.

మాలాధరుల పాఠమునకు మరియొక చిక్కు కలిగెను. పాశురమునకు వారొక అర్థము చెప్పగా, రామానుజులు ఇంకొక అర్థము సూచించుచుండిరి. ఇది తమ గురువుగారివద్ద విన్న అర్థము కాదని మాలాధరులు పాఠము నిలిపివేసిరి. కాంచీపురమున జరిగినదే మరల జరుగవలసినది. ఈసారి అట్లు కాలేదు. గోష్ఠీపూర్ణులు శ్రీరంగమునకు వచ్చి, ఆ అర్థమును యామునులు సెలవీయగా తాము వింటిమని తెలిపిరి. శ్రీకృష్ణుడు సాందీపనివద్ద చదివినట్టిదే ఈ శిష్యుని చదువని నచ్చజెప్పిరి. మాలాధరులు పంతము విడిచి పాఠము సాగించిరి. గురువునకును గురువులు, సహాధ్యాయులు ఉండవలెననుటకు ఇంతకంటె నిదర్శనము కావలయునా? యాదవప్రకాశులకు అట్టి హితవరి లేకపోయెను.

ఇక తిరుపతి సంగతి. మేనమామయైన శ్రీశైలపూర్ణులు, అనగా తిరుమలనంబి, కొండపై స్వామికి తీర్థకైంకర్యము చేయుచుండిరి. రామానుజులు కొండ దిగువన నిలిచి ఒక యేడాదిపాటు వారివద్ద శ్రీమద్రామాయణము వినిరి. అంతటి పండితునకు వాల్మీకి శ్లోకములు తనంతట చదువుకొనుట కష్టము కాదు. ఏ మాటవద్ద ఆగవలెను, ఏ మౌనమునకు ఏమి అర్థము, శరణాగతి ఎచ్చట దాగియున్నది అనునవి పరంపరగా విన్నవారినుండియే విని తెలిసికొనవలసియుండెను. వృద్ధులైన నంబి ప్రతిదినము కొండ దిగివచ్చి పాఠము చెప్పి, తిరిగి కొండ యెక్కెడివారు. మధ్యాహ్నపు సేవ తప్పుచున్నదని వారు చింతింపగా, స్వామి పాదములు కొండ దిగువనే వెలసినవని అలిపిరి పాదములనుగూర్చి భక్తులు నేటికిని చెప్పుకొందురు. నేర్చుకొనువాడు శ్రమించుట లోకములో సహజము. ఇచ్చట చెప్పువారే ఎక్కువ నడచిరి.

ఏడాది ముగియగా రామానుజులు, నంబివద్దనున్న గోవిందుని తమతో పంపుమని కోరిరి. నంబి సంతోషముతో అప్పగించిరి. గోవిందుడు కొంతదూరము వెళ్లి, నంబిని విడిచియుండలేక కృశించి, తిరిగివచ్చి వాకిట నిలిచెను. ఆకలిగొన్నవానికి ప్రసాదమైన పెట్టుడని నంబి భార్య వేడుకొనెను. అమ్మిన ఆవునకు మేత వేయు ఆచారము లేదని చెప్పి నంబి తలుపు తీయలేదు. గోవిందుడు రామానుజులవద్దకు మరలిపోయెను. ఆయనయే ఎంబారను పేర ప్రసిద్ధుడై, కూరేశుల కుమారుడగు పరాశరభట్టరునకు చదువు చెప్పెను.