మన్ను లేని మడి

పుదీనా కట్ట తెచ్చిన రోజున మీ ఇంట్లో ఆకులు గిల్లుకొని కాడలు పారవేస్తారు గదా. ఈసారి వాటిలో నాలుగు కాడలు అడిగి తీసుకోండి. ముదిరి చెక్కబారినవి వద్దు, మరీ లేతవీ వద్దు. ఒక్కొక్క కాడను జానెడు పొడవున, కణుపుకు కొంచెం కిందుగా, పదునైన కత్తెరతో ఏటవాలుగా కత్తిరించాలి. కింది రెండు మూడు కణుపుల ఆకులు తీసివేసి, కొసన నాలుగు ఆకులు మాత్రం ఉంచండి. కణుపులు మునిగేటట్లు గాజు గ్లాసులో నీళ్ళు పోసి, కాడలను అందులో నిలబెట్టండి. గ్లాసును వెలుతురు తగిలే కిటికీ దగ్గర ఉంచాలి. నడి ఎండలో పెట్టకూడదు. రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చాలి.

వారం పది రోజులకు కణుపుల దగ్గర తెల్లని దారాల వంటివి పొడుచుకు వస్తాయి. అవే వేళ్ళు. విత్తనం మొలకెత్తినప్పుడు వచ్చే తల్లివేరు వంటివి కావు ఇవి. వేరు పుట్టవలసిన చోట గాక, కాండం మీదనో ఆకు మీదనో పుట్టే ఇటువంటి వేళ్ళను వృక్షశాస్త్రంలో అబ్బురపు వేళ్ళు అంటారు. ఆ పేరు పెట్టినవారెవరో గాని తగిన పేరే పెట్టారు.

కాడకు వేరు ఎందుకు పుట్టింది? లేత ఆకులలోను, మొగ్గలలోను ఆక్సిన్ అనే పదార్థం తయారై కాండం గుండా కిందికి దిగుతూ ఉంటుంది. కాండాన్ని కోసినప్పుడు అది దిగడానికి దారి లేక కోత దగ్గర పోగుపడుతుంది. అక్కడి కణాలు దాని ప్రేరణ వలన విభజన చెంది వేళ్ళుగా మారుతాయి. కొసన ఆకులు ఉంచమన్నది అందుకే. 1935లో న్యూయార్కు రాష్ట్రంలోని యాంకర్స్ పట్టణంలో, బాయిస్ థాంప్సన్ పరిశోధనాలయంలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం కూడా ఈ పని చేయగలదని చూపారు. తోట సామాను అమ్మే అంగళ్ళలో వేళ్ళు పుట్టించే పొడి అని అమ్మేదానిలో సాధారణంగా ఉండేది అదే. పుదీనాకు, తులసికి, తీగబచ్చలికి, చిలగడదుంప తీగకు ఆ పొడి అవసరం లేదు. వట్టి నీళ్ళు చాలు.

కరివేపాకు సంగతి వేరు. అది నీళ్ళలో సులభంగా వేరు పట్టదు. గింజ నుండి గాని, తల్లి చెట్టు వేళ్ళ నుండి లేచే పిలకల నుండి గాని దానిని పెంచడం మంచిది. మరొక మాట. మీరుండే అమెరికాలో పొరుగు రాష్ట్రం నుండి కరివేప మొక్క తెచ్చుకొనే ముందు అక్కడి వ్యవసాయ శాఖ నిబంధనలు తెలుసుకోవాలి. కరివేప, నిమ్మ, నారింజ ఒకే కుటుంబానికి చెందినవి. నారింజ తోటలను నాశనం చేసే పచ్చతెగులును మోసుకొనిపోయే చిన్న పురుగు కరివేపాకు మీద కూడ గుడ్లు పెట్టి పెరుగుతుంది. ఫ్లోరిడాలో ఆ తెగులును 2005లో గుర్తించారు, కాలిఫోర్నియాలో 2012లో. ఒక్క మొక్కే గదా అని సంచిలో వేసుకొని తేవడం తగదు.

మళ్ళీ మన గ్లాసు దగ్గరకు వద్దాము. వేళ్ళు వచ్చిన పుదీనాను అలాగే కుళాయి నీటిలో ఉంచితే కొన్ని వారాలకు కింది ఆకులు పసుపుబారుతాయి, ఎదుగుదల నిలిచిపోతుంది. "మన్ను లేనిదే మొక్క బతకదు" అని పెద్దలు అనవచ్చు. ఆ మాటలో సగం నిజం ఉంది. 1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయన పుదీనా మొక్కలనే తీసుకొని వేరువేరు నీళ్ళలో పెంచి తూచి చూశాడు. వాన నీటిలో పెరిగినది కొంచెమే పెరిగింది. థేమ్స్ నది నీటిలోనిది అంతకంటె బాగా పెరిగింది. తోట మన్ను కలిపిన నీటిలోనిది అన్నిటికంటె ఎక్కువగా పెరిగింది. మొక్కకు వట్టి నీరు చాలదనీ, మన్ను నుండి నీటిలోకి దిగేది ఏదో కావాలనీ తేలింది. అదేమిటో తేలడానికి మరొక నూటయాభై ఏండ్లు పట్టింది. 1860 ప్రాంతంలో జర్మనీలో సాక్స్, నాప్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని లవణాలను తూచి నీటిలో కలిపి, మన్ను లేకుండానే మొక్కలను పెంచారు. నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకం, ఇనుము, ఇంకా అతి స్వల్పంగా మరికొన్ని మూలకాలు నీటిలో ఉంటే చాలు. మన్ను వాటిని దాచి ఉంచే గాదె. గాదె లేకున్నా గింజలుంటే అన్నం వండుకోవచ్చు గదా!

ఇది చాలాకాలం ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. దానిని పంటగా మార్చవచ్చునని గట్టిగా చెప్పినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బర్కిలీలో పనిచేసిన విలియం ఫ్రెడరిక్ గెరికె. 1929లో ఆయన దీనిని గూర్చి ఒక వ్యాసం ప్రకటించాడు. 25 అడుగుల ఎత్తు పాకిన టమాటో మొక్కలను పెంచి, నిచ్చెన వేసి కాయలు కోయించాడు. పత్రికలవారికి ఇంతకంటె ఏమి కావాలి? ఈ పద్ధతికి ఆయన 1937లో 'హైడ్రోపోనిక్స్' అనే పేరును ప్రకటించాడు. గ్రీకు భాషలో హైడ్రో అంటే నీరు, పోనోస్ అంటే శ్రమ. ఆ పేరు సూచించినవాడు అదే విశ్వవిద్యాలయంలోని సెచెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. తెలుగులో దీనిని జలసేద్యం అనవచ్చు.

ఇక మన్నుతో పని లేదు, మేడ మీదనే పొలం అని ప్రజలు అనుకోసాగారు. అప్పుడు అదే విశ్వవిద్యాలయంలో హోగ్లండ్, ఆర్నన్ అనే ఇద్దరు టమాటోలను మంచి మన్నులోను, లవణాలు కలిపిన నీటిలోను పక్కపక్కనే పెంచి పోల్చి చూశారు. 1938లో వెలువడిన వారి చిన్న పుస్తకం చెప్పినది ఇది: సారవంతమైన నేలకంటె నీరు ఎక్కువ పంట ఇవ్వదు. సూర్యరశ్మి రెండింటికీ ఒకటే. మొక్కకూ మొక్కకూ మధ్య ఎడమూ కావలసినదే. అయితే లవణాలను ఏ పాళ్ళలో కలపాలో వారు స్పష్టంగా రాసి అందరికీ ఇచ్చారు. హోగ్లండ్ ద్రావణం అన్న పేరుతో దానిని నేటికీ ప్రయోగశాలల్లో వాడుతున్నారు. గెరికె ఉత్సాహం లేకపోతే ఈ విద్య బయటికి వచ్చేది కాదు. వీరిద్దరి తూనిక లేకపోతే నిలిచేదీ కాదు. నాకు రెండవదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

నేల మంచిదైనచోట దీనితో పెద్ద లాభం లేకపోవచ్చు. మరి నేలే లేనిచోట? పసిఫిక్ మహాసముద్రం నడుమ వేక్ అనే పగడపు దీవి ఉంది. 1930 దశకంలో పాన్ అమెరికన్ సంస్థ విమానాలు ఆసియాకు పోతూ ఇంధనం కోసం అక్కడ దిగేవి. అక్కడ సేద్యానికి తగిన మన్ను లేదు. ఆ దశకం చివరి సంవత్సరాలలో అక్కడ తొట్లలో లవణాల నీటితో కూరగాయలు పండించి ప్రయాణికులకు వడ్డించారు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పుకోవాలి. మిరప చేనులో నాలుగు రోజులు నీరు నిలిస్తే ఏమవుతుందో రైతు ఇంటి పిల్లలకు తెలుసు. మొక్కలు వడలి, వేళ్ళు కుళ్ళి చస్తాయి. నీరు ఎక్కువై చచ్చిందంటాము గాని, నిజానికి అది ఊపిరాడక చచ్చింది. వేరు కూడ మనవలెనే ప్రాణవాయువును పీల్చుకోవాలి. లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. లీటరు నీటిలో, 68 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, 9 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. నీరు 86 డిగ్రీలకు వేడెక్కితే అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా కరిగిన ప్రాణవాయువు నిలువ నీటిలో ఒక చోటినుండి మరొక చోటికి చేరడం చాలా నెమ్మది. మరి వరి నీటిలో నిలిచి ఎట్లా పండుతున్నది? వరి కాండంలోనూ వేళ్ళలోనూ గాలి గొట్టాల వంటి ఖాళీలున్నాయి. ఆకుల నుండి గాలి వాటి గుండా వేరు దాకా దిగుతుంది. మిరపకు, టమాటోకు అంతటి ఏర్పాటు లేదు.

గెరికె తన తొట్ల మీద తీగజాలీ పరచి, దాని మీద గడ్డి వంటివి వేసి మొక్కలు నిలిపాడు. జాలీకీ నీటికీ మధ్య కొంత ఖాళీ వదిలాడు. పై వేళ్ళు గాలిని, కింది వేళ్ళు నీటిని తీసుకొనేవి. తరువాత 1976 ప్రాంతంలో అరిజోనాలో జెన్సెన్, ఇటలీలో మసాంటిని, ఎవరికి వారుగా మరొక పద్ధతి కనిపెట్టారు. లోతైన నీటి మీద తేలికైన ప్లాస్టిక్ పలకలను తెప్పవలె తేల్చి, వాటి రంధ్రాలలో సలాడు ఆకు మొక్కలను పెంచారు. వేళ్ళు నీటిలోనే వేలాడుతాయి. నీటిలోకి గాలిని పంపుతూ ఉండాలి. లోతు నీటి సేద్యం అంటే ఇదే.

ఇంట్లో దీనికి పెద్ద సరంజామా అక్కరలేదు. మూత ఉన్న 5 గాలన్ల బకెట్టు, అంటే సుమారు 19 లీటర్లది, ఒకటి చాలు. వెలుగు లోపలికి చొరని రంగుది తీసుకోండి, లేకుంటే నీటిలో నాచు పెరుగుతుంది. మూతకు రంధ్రం చేసి అందులో చిన్న జాలీ గిన్నె దించాలి. వేళ్ళు రెండు అంగుళాలైన పుదీనాను గిన్నెలో నిలిపి, చుట్టూ కాల్చిన మట్టి గుళికలు పోయండి. చేపల తొట్టికి వాడే గాలి పంపును గొట్టంతో బకెట్టు అడుగున ఉంచిన గాలి రాయికి కలపాలి. పంపును నీటి మట్టానికి పైన ఉంచండి. కింద పెడితే విద్యుత్తు పోయినప్పుడు గొట్టం గుండా నీరు పంపులోకి దిగే ప్రమాదం ఉంది. ఈ పని పెద్దల ఎదుటనే చేయాలి.

పోషకాల పొడి జలసేద్యానికని అమ్మేదే కొనాలి. పొలానికి వేసే యూరియా పనికిరాదు. మన్నులో సూక్ష్మజీవులు దానిని మార్చి వేరుకు అందిస్తాయి. బకెట్టులో ఆ సేన ఉండదు. రెండు సీసాలుగా అమ్మే పోషకాలను నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు. చిక్కని ద్రావణంలోని కాల్షియం, గంధక భాస్వరాల లవణాలతో కలిసి సున్నంవలె అడుగున పేరుకుంటుంది. ఒక్కొక్కదానిని విడిగా బకెట్టు నీటిలో కలపండి. లేత మొక్కకు సీసా మీద రాసిన మోతాదులో సగం చాలు. పి.హెచ్. పరీక్షించే చుక్కల మందుతో చూసినప్పుడు 5.5కూ 6.5కూ మధ్య ఉండాలి. మొదట నీరు గిన్నె అడుగును తాకాలి. వేళ్ళు పొడుగైన కొద్దీ అంగుళమో రెండంగుళాలో తగ్గించండి. రెండు వారాలకొకసారి ద్రావణమంతా మార్చండి.

ఆకులను చదవడం నేర్చుకోవాలి. ముదురు ఆకులు ముందు పసుపుబారితే నత్రజని తక్కువైనట్లు. మొక్క పాత ఆకుల నుండి దానిని తీసి కొత్త ఆకులకు పంపుతున్నది. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఇనుము ఒకసారి చేరిన ఆకును విడిచి సులభంగా కదలదు. నీరుండగానే మొక్క వడలితే మూత తీసి వేళ్ళు చూడండి. తెల్లగా ఉంటే మంచిది. గోధుమరంగుకు తిరిగి, జిగటగా, దుర్వాసన వేస్తుంటే గాలి చాలలేదు, లేదా నీరు వేడెక్కింది.

దీనిని మీరే పరీక్షించవచ్చు. ఒకే కట్టలోని రెండు కాడలకు వేళ్ళు రాగానే, ఒకే కొలత గల రెండు సీసాలలో ఒకే ద్రావణం పోసి నిలపండి. రెండు సీసాలకూ నల్లకాగితం చుట్టండి. ఒకదానికి గాలి గొట్టం పెట్టండి, రెండవదానికి పెట్టవద్దు. ప్రతి మూడవ రోజు కొత్త ఆకులెన్ని వచ్చాయో, వేరు ఎంత పెరిగిందో, ఏ రంగుగా ఉన్నదో తెలుగులో రాసి ఉంచండి. ఇరవై ఒకటవ రోజున రెండు మొక్కలను తీసి, తడి ఒత్తి, వంటింటి త్రాసులో తూచి, వేళ్ళ బొమ్మలు పక్కపక్కనే గీసి తరగతికి తెండి.