తీవ్ర ఘటన తరువాత పోలీసు కుటుంబానికి అండగా నిలవడం

ఏటా అక్టోబరు 21న దేశమంతటా పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుగుతుంది. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన పదిమంది ప్రాణాలు కోల్పోయారు. కర్ణాటకలో ఏప్రిల్ 2న పోలీసు పతాక దినోత్సవం కూడా జరుగుతుంది; పతాకాల విక్రయం వలన వచ్చే సొమ్ము పోలీసు సంక్షేమానికి చేరుతుంది. ఈ రెండు రోజులలో మనం మరణించినవారిని తలచుకొంటాము, చేతనైనంత విరాళం ఇస్తాము. అయితే దాడి నుండి బయటపడి ప్రాణాలతో ఇంటికి చేరినవారి సంగతి, వారికోసం ఎదురుచూసిన కుటుంబాల సంగతి మిగిలిన రోజులలో ఎవరు పట్టించుకొంటారు? ఆ ఇళ్లు మన వీధులలోనే ఉన్నాయి. పొరుగువారిగా మనం ఏమి చేయగలమో, ఏమి చేయరాదో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

తీవ్ర ఘటన అంటే ఏమిటి?

ప్రాణాపాయం కలిగించే సంఘటన, లేదా ఇతరుల మరణాన్ని కళ్లారా చూడవలసి వచ్చే సంఘటన, మనిషికి అలవాటైన ఓర్పును మించిపోతే దానిని తీవ్ర ఘటన అంటాము. మూక దాడికి గురికావడం, తోటి ఉద్యోగిని కోల్పోవడం, విధి నిర్వహణలో తుపాకీ పేల్చవలసి రావడం, ప్రమాద స్థలంలో పసివారి మృతదేహాలను బయటకు తీయడం ఈ కోవకు చెందుతాయి.

మన నగరానికి ఇవి కొత్త కావు. 2013 ఏప్రిల్ 17న మల్లేశ్వరంలో మోటారు సైకిల్‌కు అమర్చిన బాంబు పేలి పదహారు మంది గాయపడగా, వారిలో ఎనిమిది మంది పోలీసులు. 2020 ఆగస్టు 11 రాత్రి డి.జె. హళ్లి, కె.జి. హళ్లి ప్రాంతాలలో చెలరేగిన హింసలో పోలీసు స్టేషన్లపై దాడి జరిగింది, వాహనాలు దగ్ధమయ్యాయి, పదుల సంఖ్యలో పోలీసులు గాయపడ్డారు. పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించారు. అటువంటి రాత్రి తరువాత కూడా పోలీసు స్టేషన్ మూతపడదు. అక్కడి సిబ్బంది మళ్లీ అదే గదిలో, అదే బల్ల ముందు కూర్చోవలసిందే.

జడుపు అందరికీ ఒకటే

మన ఇళ్లలో పసివాడు దేనికో బెదిరి ఆ రాత్రి జ్వరం తెచ్చుకొంటే పెద్దలు "జడుసుకొన్నాడు" అంటారు. మనసులో పుట్టిన భయం శరీరంలోకి దిగుతుందని మన భాషకు ఏనాటి నుండో తెలుసు. ఖాకీ దుస్తులు ధరించిన పెద్దవారికి కూడా అదే వర్తిస్తుందని ఒప్పుకోవడానికి మాత్రం వెనుకాడుతాము.

నిద్ర పట్టకపోవడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, జరిగినది కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్లు తోచడం, ఆ దారిన వెళ్లడానికి మనసు రాకపోవడం, ఇంట్లో కారణం లేని కోపం, మద్యం వైపు మొగ్గడం: ఇవి సాధారణంగా కనిపించే లక్షణాలు. తొలి రోజులలో ఇవి సహజమే. చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. నెల గడిచినా తగ్గక, ఉద్యోగానికీ సంసారానికీ అడ్డుపడుతుంటే అది ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత కావచ్చు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీనికి స్థానం కల్పించింది. దీనికి చికిత్స ఉంది. ఇది పిరికితనానికి గుర్తు కాదు.

బలవంతంగా చెప్పించరాదు

మనసులోని బరువంతా వెంటనే కక్కివేస్తే మేలు జరుగుతుందని చాలామంది నమ్ముతారు. 1980 దశకంలో అమెరికాలో అగ్నిమాపక, అత్యవసర సేవల సిబ్బందిని ఘటన జరిగిన కొద్ది రోజులకే కూర్చోబెట్టి అనుభవమంతా చెప్పించే పద్ధతి వ్యాపించింది. తరువాతి పరిశోధనలు ఈ ఒక్క విడత చర్చ రుగ్మతను నివారించడం లేదని తేల్చాయి. ఇటీవల ఆఘాతానికి గురైనవారికి ఈ పద్ధతిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది.

దానికి బదులు ఆ సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్సపై ఒక మార్గదర్శిని వెలువరించింది. అందులోని మెట్లు మూడు: గమనించడం, వినడం, అవసరమైన సహాయంతో కలపడం. ఇందుకు వైద్య పట్టా అక్కరలేదు. చెప్పదలచినంత వరకే వినాలి. మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని గౌరవించాలి. "మొత్తం ఎలా జరిగింది?", "ఎంతమంది పోయారు?", "మీరు కాల్చారా?" అనే ప్రశ్నలు మాట సాయం కావు, మరో గాయం.

ఇంటివారి సంగతి

పోలీసు ఇంట్లో భయం విధికి వెళ్లినవారి కంటే ముందే మొదలవుతుంది. టీవీలో మంటలు కనిపిస్తుంటాయి, ఫోను మాత్రం ఎత్తరు. ఆ గంటలు గడిపిన భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు సైతం తీవ్ర ఘటనకు లోనైనవారే. అయినా "మీరే ధైర్యం చెప్పాలి" అంటూ అందరూ వారి భుజాలపైనే భారం మోపుతారు.

ఇటువంటి ఇంటికి అన్నిటికంటే ఉపయోగపడేవి చిన్న పనులు. "వదినా, ఈ వారం పిల్లలను నేనే బడికి దింపుతాను", "అక్కా, రాత్రి భోజనం మా ఇంటి నుండి పంపుతున్నాను, పొయ్యి వెలిగించకండి" అన్నంత మాట చాలు. "ఏమైనా కావాలంటే అడగండి" అంటే ఎవరూ అడగరు. పిల్లలకు జరిగిన సంగతి చిన్న మాటలలో, నిజంగా చెప్పాలి. బడి, ఆట, నిద్ర వేళలు యథావిధిగా సాగనివ్వాలి. దాడి దృశ్యాలను, గాయపడినవారి చిత్రాలను ఫోనులో ఇతరులకు పంపరాదు. అవి తిరిగి తిరిగి ఆ పిల్లల చేతికే చేరుతాయి.

మరణం సంభవించిన ఇంటిలో కాగితాల పని కూడా ఒక భారమే. మరణ నమోదు 21 రోజులలోగా జరగాలి. అనుకంపతో ఇచ్చే ఉద్యోగానికి కర్ణాటక నియమాల ప్రకారం సాధారణంగా ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. దుఃఖంలో ఉన్నవారికి తేదీలు గుర్తుండవు. గుర్తుచేసి, కార్యాలయానికి వెంట వెళ్లేవారు ఒకరుంటే ఎంతో మేలు.

అండ వేరు, విచారణ వేరు

పోలీసు చర్యలో పౌరులు మరణించినప్పుడు విచారణ జరగడం చట్టబద్ధమైన అవసరం. ఆ పౌరుల కుటుంబాల దుఃఖం కూడా మన వీధులలోనిదే. వారికి సైతం ఇదే ఆదరణ దక్కాలి. పోలీసు ఉద్యోగికి మానసిక చికిత్స అందించడం విచారణకు అడ్డు కాదు, తీర్పూ కాదు. వీధిలో ఎవరు ఏ పక్షమైనా, ఉద్యోగి బిడ్డను బడిలో నిలదీయడం మాత్రం ఎవరికీ తగదు.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

టెలి మానస్ ఉచిత సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమయింది. 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. దేశవ్యాప్తంగా ఈ సేవకు కేంద్ర స్థానమైన నిమ్హాన్స్ మన హోసూరు రోడ్డులోనే ఉంది. ప్రాణాపాయం ఉందని తోస్తే ఆలస్యం చేయక 112కు ఫోను చేయాలి; ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు.

సంగతి బయటపడితే ఉద్యోగానికి ముప్పని చాలామంది పోలీసులు చికిత్సకు వెళ్లరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తన వైద్య వివరాలు గోప్యంగా ఉండే హక్కును ప్రతి రోగికీ ఇచ్చింది. ప్రాణహాని వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఉంది. ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే ఒక తలుపు తెరిచినట్లే.

మొదటి వారం ఇల్లంతా జనమే. మూడవ నెలలో ఎవరూ రారు. ఏడాది తిరిగి అదే తేదీ వచ్చినప్పుడు అసలే రారు. అప్పుడు కూడా తలుపు తట్టేవారే నిజమైన పొరుగువారు.

చర్చకు ప్రశ్నలు

1. మీ వీధిలోని పోలీసు కుటుంబాన్ని చివరిసారి ఎప్పుడు, ఏ సందర్భంలో పలకరించారు?

2. మంచి మనసుతోనే అడిగినా గాయపరచగల ప్రశ్నలు రెండు చెప్పండి. వాటి స్థానంలో ఏమి అనవచ్చు?

3. ఘటన జరిగిన మొదటి వారంలో, మూడవ నెలలో, ఏడాది తరువాత మీరు చేయగల పని ఒక్కొక్కటి రాయండి.