కాంటా దిగండి, టేపు పట్టండి

జనగామ జిన్నింగ్ మిల్లుకు పత్తి వేసుకొచ్చిన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు, కాంటా మీద తూగేదంతా పత్తి కాదని. అందులో నీళ్లుంటాయి. అందుకే సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు ముందు తేమ చూస్తారు. 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే బండి వెనక్కి. మహబూబాబాద్ వైపు వడ్ల కేంద్రాల్లో 17 శాతం దగ్గర గీత గీస్తారు. పంట దగ్గర ఇంత లెక్కగా ఉండే మనం ఒంటి దగ్గరికి వచ్చేసరికి మిషనెక్కి, అంకె చూసి, సంబరపడో దిగులుపడో దిగిపోతాం. ఆ అంకెలో కండ ఎంత, కొవ్వు ఎంత?

2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ లాన్సెట్ పత్రికలో తమ ఫొటోలే పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. ‘నేను బక్కోణ్ణే, నాకేంది’ అనుకునేవాళ్లు ఈ రెండంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి కొవ్వు శాతం చెప్పే స్మార్ట్ మిషన్ కొనుక్కుంటే సరిపోదా? అది చేసే పని చూడండి. పాదాల కింది పలకల నుంచి మనకు తెలియనంత చిన్న కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగుతుంది. నీళ్లున్న కండలోంచి తేలిగ్గా పోతుంది, కొవ్వు దగ్గర అడ్డు తగులుతుంది. ఆ అడ్డుకు మీ ఎత్తు, వయసు, ఆడా మగా అన్నది కలిపి ఒక శాతం లెక్క కడుతుంది. అసలు కొలవాల్సిన పొట్టను చాలావరకు ఊహిస్తుంది! అనుమానముంటే సెట్టింగుల్లో ‘అథ్లెట్’ అని మార్చి మళ్లీ ఎక్కండి. చాలా మిషన్లలో అక్కడికక్కడే కొవ్వు కరిగిపోతుంది. భూపాలపల్లి ఓపెన్‌కాస్టులో మే నెల షిఫ్టు చేసి చెమటోడ్చి వచ్చిన మనిషికి అది ఒక అంకె చూపిస్తుంది, తెల్లారి లేచాక ఇంకొకటి. ప్రతిసారీ ఒకే వేళకు, పరగడుపున ఎక్కితే పెరుగుతోందా తగ్గుతోందా అన్నంత వరకు పనికొస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు ఎక్కొద్దు.

నా ఓటు టైలర్ టేపుకే. ముప్పై దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్తలు నింపే సర్కారు ఫారం కూడా వయసు, పొగ, మందు, వ్యాయామం, ఇంట్లో షుగరు బీపీలతో పాటు నడుము చుట్టుకొలతే అడుగుతుంది. మగవాళ్లకు 90 సెంటీమీటర్ల దాకా సున్నా, 100 దాకా ఒక మార్కు, ఆపైన రెండు. ఆడవాళ్లకు ఆ గీతలు 80, 90. మార్కులన్నీ కలిపి 4 దాటితే పరీక్షలకు ముందు పిలుపు వాళ్లకే. ఇక్కడ మార్కులు రాకపోవడమే పాసు.

“పదేండ్ల నుంచి 34 ప్యాంటే సార్” అంటారు. సైజు మారకపోవచ్చు, ప్యాంటే పొట్ట కిందికి జారింది. టేపు పట్టాల్సింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య. బట్ట మీద వద్దు, ఒంటికే ఆనించాలి, బిగించకూడదు. ఊపిరి మామూలుగా వదిలాక చూసుకోవాలి. పొట్ట లోపలికి లాగి కొలిస్తే మోసపోయేది ఎవరు?

శాతమే కావాలనుకుంటే అమెరికా నౌకాదళం కోసం 1984లో కట్టిన లెక్క ఉంది. మగవాళ్లకు ఎత్తు, మెడ, బొడ్డు దగ్గర చుట్టుకొలత చాలు. ఆడవాళ్లకు తుంటి కొలత కూడా కావాలి. ఎత్తు 66 అంగుళాలు, మెడ 15, బొడ్డు దగ్గర 36 ఉన్న మగమనిషికి సుమారు 23 శాతం వస్తుంది. పొట్ట రెండంగుళాలు తగ్గితే 19 చిల్లర. అది వాళ్ల సైనికుల ఒళ్లను బట్టి కట్టిన లెక్క కాబట్టి శాతాన్ని పట్టుకుని వేలాడకండి, తేడాను నమ్మండి. ఇంతకన్నా సులువుది ఒకటుంది: నడుము ఎత్తులో సగం దాటకూడదు. ఇతనికైతే 33 అంగుళాలు.

టేపైనా, మిషనైనా ఒకదాన్నే ఎంచుకుని దానితోనే ఉండండి. నచ్చిన అంకె వచ్చేదాకా కొలిచే వస్తువులు మార్చేవాడు ఒంటిని మార్చుకోడు. నెలకు ఒక్కసారి, పొద్దున్నే, తినకముందు కొలిచి తారీఖు వేసి రాసుకోండి. రోజూ కొలిస్తే కొవ్వు కాదు, ఓపిక తగ్గుతుంది. వాట్సాప్ గ్రూపులో బావమరిది పెట్టే అంకెతో మీకు పని లేదు, వాళ్లింటి మిషన్ వేరు.

నడుము గీత దాటిందా, షుగరు, బీపీ పరీక్ష చేయించుకోండి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఈ పరీక్షల కోసం హనుమకొండ బస్సెక్కక్కర్లేదు. వెళ్లేటప్పుడు ఆ రాసుకున్న పుస్తకం పట్టుకెళ్లండి. ఆరు నెలల కొలతలు వరసగా కనిపిస్తే డాక్టరు అడగాల్సిన ప్రశ్నలు సగం తగ్గుతాయి.